వలస వచ్చిన నాటకం ఎప్పుడు మనదవుతుంది?

సంపాదకులకు,

నమస్కారం. ఇటీవల మీ పత్రిక సాహిత్య పుటలో పెర్ఫార్మెన్స్ ఆర్ట్ గురించి వచ్చిన వ్యాసాన్నీ, దాని మీద ఆ తరువాత అచ్చయిన ఉత్తరాలనూ శ్రద్ధగా చదివాను. కథ, పద్యం, రంగాలంకరణ ఏవీ లేకుండా మనిషి తన శరీరాన్నే వేదికగా చేసుకొని వలస బతుకును ప్రదర్శించే ఈ పద్ధతి మన నేలకు పరాయిదని వ్యాసకర్త తేల్చారు. ఉత్తరాలు రాసినవారిలో ఎక్కువమంది ఆయనతో ఏకీభవిస్తూ, బయటినుంచి వచ్చే కళల వల్లా, బయటినుంచి వచ్చే మనుషుల వల్లా తెలుగు సంస్కృతి పలచబడిపోతోందని బాధపడ్డారు. ఆ బాధ నిజమైనదే కావచ్చు. అయితే వారిలో ఒకరు, కల్తీ లేని మన రంగస్థల సంప్రదాయానికి నిదర్శనంగా సురభి నాటకాలను చూపించారు. నన్ను ఈ ఉత్తరానికి పురికొల్పింది ఆ ఉదాహరణే. తెలుగు నేల మీద వలస పుట్టించిన కళకు సురభిని మించిన సాక్ష్యం నాకు తెలిసి మరొకటి లేదు.

సురభి కుటుంబాల పూర్వికుల ఇంటి భాష మరాఠీ. మహారాష్ట్ర ప్రాంతం నుంచి కొన్ని తరాల క్రితం దక్షిణానికి తరలివచ్చి, తోలుబొమ్మలాడించుకుంటూ ఊరూరా తిరిగిన ఆరె, అంటే మరాఠీ, కుటుంబాలు అవి. కడప సీమలో, ఇప్పటి చక్రాయపేట మండలంలో ఉన్న సొరుగు అనే చిన్న ఊరు వారికి నిలువ నీడ ఇచ్చింది. ఆ ఊరే తరువాత సురభి పేరుతో దేశానికి తెలిసింది. 1885లో అక్కడ ఒక పెళ్లి వేడుకలో, ఎప్పటిలా బొమ్మలాడించడానికి బదులు, తామే వేషాలు కట్టి 'కీచకవధ' ఆడారు. ఆ ప్రదర్శనతోనే, వనారస గోవిందరావు పెద్దరికంలో, సురభి నాటక సమాజం మొదలైందని రంగస్థల చరిత్రలు చెబుతాయి. పిల్లలు పెరిగి, పెళ్లిళ్లు జరిగి, కుటుంబాలు విడివడినకొద్దీ ఒక్కొక్క కుటుంబమూ ఒక్కొక్క కంపెనీ అయింది. ఒక దశలో ముప్పైకి పైగా సమాజాలు తెలుగు జిల్లాల్లో మకాములు వేస్తూ, ఊరి చివర డేరాలూ రేకుల హాళ్లూ కట్టుకొని నెలల తరబడి ఆడుతూ తిరిగాయి.

సాధారణంగా మనం ఈ కథను ఇక్కడ ఆపి, వారి కళాసేవను పొగిడి, ఒక శాలువా కప్పి ఊరుకుంటాం. నాకు ముఖ్యమనిపించేది ఆ మార్పు జరిగిన తీరు. తెలుగునాట బొమ్మలాట పాల్కురికి సోమనాథుడి కాలానికే ఉంది. కాబట్టి మరాఠీ కుటుంబాలు ఇక్కడికి తెచ్చినది పూర్తిగా కొత్త కళ అనలేం. వారు ఇక్కడి బొమ్మలాటలో చేరి, రంగనాథ రామాయణపు ద్విపదలు నోటికి పట్టి, కేతిగాడు, బంగారక్క అనే హాస్యపు బొమ్మలను తమ పెట్టెలోకి తీసుకొని, అన్నం పెట్టే ఊరి భాషను వృత్తి భాషగా చేసుకున్నారు. అదే కాలంలో కన్నడ దేశంలోని ధార్వాడ నాటక సమాజాలు తెలుగు పట్టణాల్లో తిరుగుతున్నాయి. 1880లో రాజమహేంద్రవరంలో వారి ప్రదర్శనల ప్రేరణతోనే కందుకూరి వీరేశలింగం తన విద్యార్థుల చేత నాటకాలు ఆడించారు. పార్సీ నాటక కంపెనీల రంగుల తెరలూ, ఐరోపా నుంచి వచ్చిన హార్మోనియమూ అప్పటికే దక్షిణాదికి చేరాయి. అంటే సురభివారు బొమ్మలను పెట్టెలో పెట్టి తాము తెర ముందుకు వచ్చేనాటికి, వారి చేతిలో మరాఠీ దేశపు వృత్తి, తెలుగు పద్యం, కన్నడ నేల మీదుగా వచ్చిన నాటకపు మోజు, బొంబాయి తెర, విదేశపు పెట్టె వాద్యం అన్నీ ఉన్నాయి. వీటిలో ఏ ఒక్కదాన్ని పరాయిదని తీసేసినా మనం గర్వంగా చెప్పుకునే సురభి మిగలదు.

ఒక్క 'మాయాబజార్' ప్రదర్శనను దగ్గరగా గమనిస్తే చాలు. ఘటోత్కచుడు నోరు తెరిచి కూర్చుంటాడు. పళ్లెంలోని లడ్డూలు ఒకదాని వెంట ఒకటి లేచి అతని నోటివైపు ఎగిరిపోతాయి. పిల్లలు చప్పట్లు కొడతారు, పెద్దవాళ్లు దారం ఎక్కడుందా అని మెడలు చాచి వెతుకుతారు. తెరచాటున ఆ సన్నని దారాన్ని లాగే మనిషి సాధారణంగా ఆ కుటుంబంలోని వాడే. వెలుతురు ఏ వైపు నుంచి పడితే దారం కనపడదో, ఏ క్షణంలో లాగితే నటుడి దవడ కదలికకు సరిపోతుందో అతను ఏ పుస్తకంలోనూ చదవలేదు. వెలుతురుకు ఎదురుగా ఏది పెట్టాలి, ఏది చాటున ఉంచాలి, చేయి కదిపితే బొమ్మ ఎంత కదులుతుంది అన్నవి తోలుబొమ్మలవాడు పసితనం నుంచీ నేర్చే విద్య. నారదుడు మబ్బుల మీద దిగి వచ్చినా, వేదిక మీద మంటలు లేచినా, వాన కురిసినా, దాని వెనుక పనిచేసేది ఆ పాత విద్యే. మరాఠీ బొమ్మలవాడి చేతినేర్పు తెలుగు పౌరాణికానికి కొత్త చూపునిచ్చింది. సినిమా వచ్చి ఎన్ని తంత్రాలు చూపించినా, ఎదుటనే జరిగే ఆ మాయకు జనం ఇప్పటికీ ఆగి చూడటానికి కారణం ఇదేనని నేను అనుకుంటాను.

ఇంతకంటే పెద్ద విషయం స్త్రీలది. తక్కిన తెలుగు రంగస్థలం మీద చాలాకాలం స్త్రీ పాత్రలను పురుషులే ధరించారు. స్థానం నరసింహారావు సత్యభామగా ఎంత పేరు పొందారో, 1956లో ఆయనకు పద్మశ్రీ రావడం ఎంత సముచితమో అందరికీ తెలుసు. సురభిలో మాత్రం మొదటినుంచీ స్త్రీలే స్త్రీ పాత్రలు ధరించారు. దీనిని సంఘ సంస్కరణగా కొందరు వర్ణిస్తారు కానీ, నాకు తోచినంతవరకు దాని మూలం మరింత సామాన్యమైనది. తోలుబొమ్మలాట కుటుంబమంతా కలిసి చేసే వృత్తి. తెర వెనుక సీతకు, ద్రౌపదికి గొంతునిచ్చి పాడేది ఇంటి ఆడవాళ్లే. తెర తీసివేసినప్పుడు ఆ గొంతు ఎవరిదో ఆ మనిషే వేదిక మీదికి వచ్చింది. స్థిరపడిన సమాజం తనకు తాను విధించుకున్న కట్టుబాటును, ఊళ్లు తిరిగే కుటుంబం తన పని అవసరం కొద్దీ పట్టించుకోలేదు. ఆ కుటుంబాలలో పుట్టిన సురభి కమలాబాయి 1932లో విడుదలైన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో లీలావతి పాత్ర ధరించారు. తెలుగు తెర మీద తెలుగు పలికిన తొలి కథానాయిక పూర్వికులు మరాఠీ మాట్లాడేవారన్న సంగతిని, భాష పలచబడుతోందని బెంగపడే మిత్రులు ఒకసారి తలచుకోవాలి.

సురభి అక్కడితో ఆగలేదు కూడా. 1990లలో కన్నడ రంగస్థల దర్శకులు బి.వి. కారంత్ వారితో కలిసి పనిచేసి 'భీష్మ', 'చండీప్రియ', 'బస్తీ దేవత యాదమ్మ' నాటకాలు చేయించారు. మూడోది జర్మన్ నాటకకర్త బ్రెహ్ట్ రచనకు అనుసరణ. చైనా నేపథ్యంలో ఒక జర్మన్ రాసిన కథను, మరాఠీ మూలాలున్న తెలుగు నటులు, కన్నడిగుడి దర్శకత్వంలో, యాదమ్మ అనే మన పేరుతో ఆడారు. పౌరాణికాలకే పరిమితమని మనం అనుకున్నవారు ఒక బస్తీ ఆడదాని బతుకును ఎత్తుకోగలిగారు. 2013లో ఆర్. నాగేశ్వరరావుగారికి, అంటే మనకందరికీ తెలిసిన సురభి బాబ్జీగారికి, పద్మశ్రీ వచ్చినప్పుడు మన పత్రికలన్నీ అది తెలుగు నాటకానికి దక్కిన గౌరవమని రాశాయి. అది న్యాయమైన మాటే. వచ్చినవారు మనవారు కావడానికి ఎంతకాలం పట్టిందన్న లెక్క మాత్రం ఎవరూ వేయలేదు.

బొమ్మలాటలోనే నిలిచిపోయిన బంధువర్గం సంగతి వేరుగా ఉంది. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మల కుటుంబాలు ఈనాటికీ ఇళ్లలో మరాఠీ కలిసిన మాటే మాట్లాడుకుంటాయి. అదే ఊరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆటకు పిలిచేవారు తగ్గిపోయాక, మేకతోలును పలచగా గీకి, ఉలితో చిన్న చిన్న రంధ్రాలు పొడిచి, రంగులద్దే ఆ చేతులు దీపాలకు తొడిగే తోలు షేడ్లు, గోడకు తగిలించే పటాలు చేయడానికి మళ్లాయి. రావణుడి పది తలలు నిలిచే తోలు మీద ఇప్పుడు నెమళ్లు, పూలతీగలు కనిపిస్తున్నాయి. బతుకుతెరువు దొరికినందుకు సంతోషించవలసిందే. బొమ్మ వెనుక ఉండవలసిన గొంతు మాత్రం దీపపు షేడు వెనుక ఉండదు.

మనవారు వెళ్లినచోట ఏం జరిగిందో కూడా చూడాలి. విజయనగర, నాయకరాజుల కాలంలో కావేరి తీరానికి వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాలకు తంజావూరు నాయకరాజు అచ్యుతప్ప మెలట్టూరు గ్రామాన్ని దానమిచ్చాడని అక్కడి సంప్రదాయం చెబుతుంది. ఆ ఊళ్లో ఈనాటికీ ఏటా నృసింహ జయంతికి వరదరాజస్వామి గుడి ముందు భాగవత మేళం అనే నృత్యనాటకం ఆడతారు. మెలట్టూరు వెంకటరామశాస్త్రి తెలుగులో రాసిన 'ప్రహ్లాద చరిత్రము' అందులో ముఖ్యమైనది. కోణంగి అనే విదూషకుడు గంతులు వేస్తూ వచ్చి ఆట మొదలుపెడతాడు. స్తంభం చీల్చుకొని వచ్చే నరసింహుడి ముఖకవచానికి పూజ చేస్తారు. దానిని ధరించేవారు ఉపవాస నియమం పాటిస్తారు. తెల్లవారేదాకా తెలుగు దరువులు, తెలుగు సంవాదాలు సాగుతుంటే కూర్చుని చూసేవారిలో అత్యధికులు తమిళులు. వారెవరూ పరాయి భాష నాటకం మా గుడి ముందు ఎందుకని అడిగి ఆపించలేదు. పక్కనే సాలియమంగళంలోనూ ఈ మేళం బతికి ఉంది. అక్కడి సంగీతం, అభినయం కృష్ణాతీరపు కూచిపూడి పద్ధతి నుంచి విడిపోయి కావేరి నీళ్లు తాగిన వేరొక రూపం పొందాయి. దానిని చెడిపోయిన కూచిపూడి అనడం ఎంత తప్పో, తమిళ కళ అని వదిలేయడం అంత తప్పు.

ఆ తంజావూరులోనే నాయకుల తరువాత గద్దెనెక్కినవారు భోంసలే వంశపు మరాఠాలు. 1684 నుంచి రాజ్యమేలిన శాహజీ తన మాతృభాష మరాఠీ అయినా తెలుగులో యక్షగానాలు రాశాడు. 'పంచభాషా విలాసము' అనే ఆటలో సంస్కృతం, తెలుగు, తమిళం, మరాఠీ, హిందీ పలికించాడు. మరాఠీ రాజు తమిళ దేశంలో తెలుగు ఆట రాయడం, మరాఠీ బొమ్మలవాడు కడపలో తెలుగు నాటకం ఆడటం ఒకే చరిత్రలోని రెండు అంచులు. ఒకటి సింహాసనం మీదినుంచి జరిగింది, రెండోది రోడ్డు మీదినుంచి. పాఠ్యపుస్తకాల్లో మొదటిదానికి చోటు దొరుకుతుంది.

ఇప్పుడు వ్యాసకర్త పరాయిదన్న పెర్ఫార్మెన్స్ ఆర్ట్ సంగతికి వస్తాను. ఆయన పేరు పేర్కొనకుండా ఎత్తిపొడిచిన కళాకారుడు గిల్యెర్మో గోమెజ్-పెన్యా అని నేను ఊహిస్తున్నాను. మెక్సికో నగరంలో 1955లో పుట్టి, 1978లో అమెరికాకు వెళ్లిన మనిషి. మరుసటి ఏడు లాస్ ఏంజిలెస్‌లో జనం ఎక్కి దిగే లిఫ్టులో, ఒంటి నిండా గుడ్డ చుట్టుకొని తాళ్లతో కట్టించుకొని, ఇరవైనాలుగు గంటల పాటు పలుకు లేకుండా పడి ఉన్నాడు. వచ్చేపోయేవారు ఏం చేస్తే అదే ఆ ప్రదర్శన. ఇది చదివి నవ్వుకోవడం తేలిక. కొత్త దేశానికి వచ్చిన మనిషి అందరి దారిలోనూ ఉండి ఎవరికీ కనపడడన్న సంగతిని అంతకంటే సూటిగా చెప్పిన నాటకం నేను చదవలేదు. 1992లో, కొలంబస్ అమెరికా చేరి అయిదు వందల ఏళ్లయిన సందర్భంలో, కోకో ఫుస్కో అనే కళాకారిణితో కలిసి ఆయన మాడ్రిడ్‌లోని కొలంబస్ కూడలిలో ఒక పంజరంలో కూర్చున్నాడు. లోకానికి ఇంతవరకు తెలియని ఒక దీవి నుంచి తెచ్చిన ఆదివాసులమని చెప్పుకున్నారు. పంజరంలో టీవీ ఉంది, కంప్యూటరు ఉంది, ఆదివాసి కళ్లకు నల్లద్దాలున్నాయి. అయినా చూడవచ్చినవారిలో చాలామంది వారిని నిజమైన ఆదివాసులనే నమ్మారు. అసలు ప్రదర్శన పంజరం బయట నిలబడ్డవారి ముఖాల్లో జరిగింది.

ఇందులో మనకు పరాయిది ఏముంది? పగటివేషాలు మరచిపోయామా? గణాయతులనే సంచార వేషగాళ్లు ఊళ్లోకి వచ్చి రోజుకొక వేషం కట్టి, వేదిక లేకుండా, తెర లేకుండా, నడివీధిలో, ఇంటి అరుగు ముందు ఆడేవారు. ఫకీరు, కోమటి, సోమయాజులు, సోమిదేవి వేషాలలో వచ్చి, వచ్చింది నిజమైన మనిషేనని ఇంటివారిని నమ్మించి, వారి మర్యాదనూ పిసినారితనాన్నీ బయటపెట్టి, చివరిరోజున వేషం చెప్పి సంభావన తీసుకునేవారు. చూసేవాడు తెలియకుండానే పాత్రధారి అయిపోయే ఈ కిటుకు మాడ్రిడ్‌లో పుట్టలేదు. ఆ ఆటగాళ్లు కూడా ఒకచోట నిలవని మనుషులే. ఊరికి బయటివాడు కాబట్టే పగటివేషగాడు ఊరిపెద్దను అనుకరించి తప్పించుకోగలిగాడు. ఊరివాడు ఆ పని చేస్తే మరునాడు పొలంలో పని దొరకదు.

ఈ రెండు దారుల మధ్య తేడా ఉంది, దానిని దాచనవసరం లేదు. గోమెజ్-పెన్యా తన వలసను ఆతిథ్యమిచ్చిన దేశం ముఖం ముందు పెట్టి, చూడు అంటాడు. సురభి తన వలసను ఎంత అందంగా కప్పివేసిందంటే, నూట నలభై ఏళ్ల తరువాత మీ పాఠకులు దానిని స్వచ్ఛతకు ఉదాహరణగా చూపిస్తున్నారు. జనం పదేపదే అడిగి చూసే వారి నాటకాలు 'మాయాబజార్', 'పాతాళభైరవి', 'లవకుశ', 'భక్త ప్రహ్లాద', 'బాలనాగమ్మ', 'వీరబ్రహ్మంగారి చరిత్ర'. అడవుల పాలైన సీత ఉంది, అజ్ఞాతవాసంలోని పాండవులున్నారు. బొమ్మల పెట్టెలు బండికెత్తుకొని ఊరు మారే కుటుంబం మాత్రం లేదు. వారిని తప్పుపట్టే హక్కు నాకు లేదు. టిక్కెట్టు కొన్నవాడు ఏది చూడాలనుకుంటే అది ఆడినవాడే రేకుల హాలు అద్దె కట్టగలడు. అయినా తమ ప్రయాణాన్నే ఒక నాటకంగా ఆడమని మన అకాడమీలు గానీ విశ్వవిద్యాలయాల రంగస్థల శాఖలు గానీ ఆ కుటుంబాలను కోరి, దానికయ్యే ఖర్చు భరిస్తే, తెలుగు నాటకానికి అంతకంటే కొత్త వస్తువు దొరకదని నా నమ్మకం. ఆ కథ తెలిసిన పెద్దవాళ్లు ఇంకా ఉండగానే ఆ పని జరగాలి.

శేరిలింగంపల్లిలో సురభి కాలనీ ఉంది. దాని చుట్టూ ఇప్పుడు మేడల మీద మేడలు లేస్తున్నాయి. వాటికి సెంట్రింగు కొట్టేవారు, ఇనుము వంచేవారు, పాలరాయి పరిచేవారు ఒడిశా, బిహారు, బెంగాలు, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌ల నుంచి వచ్చినవారు. ఆ మేడల్లో ఫ్లాట్లు కొన్నవారూ చాలామంది వేరే జిల్లాల నుంచి, వేరే రాష్ట్రాల నుంచి వచ్చినవారే. అయినా వలసకూలీ అన్నమాట ఒకరికే అంటుకుంటుంది. హైదరాబాదు పొలిమేరల్లోనూ, పెద్దపల్లి వైపూ ఇటుక బట్టీలలో పనిచేసే కుటుంబాలు ఎక్కువగా పశ్చిమ ఒడిశాలోని బొలాంగీర్, నువాపడా జిల్లాలవి. అక్కడ వినాయక చవితి మరునాడు వచ్చే నువాఖాయి పండగ అయ్యాక అడ్వాన్సు తీసుకొని పిల్లాజెల్లాతో రైలెక్కుతారు, వానలు మొదలయ్యే ముందు తిరిగి వెళ్తారు. పంట పండగ ఇంటి దగ్గర, పంట లేని కాలమంతా మన బట్టీల దగ్గర. వారి ప్రాంతానికి డాల్ఖాయి, రసర్‌కేలి వంటి పాటలూ ఆటలూ ఉన్నాయి. ఆ పాటలు మన మట్టిలో ఆరు నెలలు ఉంటే అవి ఏమవుతాయి, వాటిలోకి ఏ తెలుగు మాటలు చేరుతాయి, బట్టీ మేస్త్రీ మీద ఏ చరణం పుడుతుంది అన్నవి ఎవరైనా చెవి పెట్టి వినవలసిన విషయాలు. 1885కు ముందు సొరుగు ఊరివాళ్లు కూడా ఆ బొమ్మలవాళ్లను బహుశా ఇంతే చూసీచూడనట్టు చూసి ఉంటారు.

మనవారి వలస గురించి మాత్రం మనకు జాలి ఎక్కువ. పాలమూరు కూలీలు దేశంలోని ఎన్ని ఆనకట్టలకు మట్టి మోశారో చెబుతాం. బొంబాయిలో కామాఠీపురా పేరు మన కామాఠీ కూలీల వల్లే వచ్చిందని గుర్తుచేస్తాం. పద్మశాలీలు మగ్గాలతో సోలాపూరును ఎలా నిలబెట్టారో, అక్కడ మార్కండేయ రథోత్సవం ఎంత ఘనంగా జరుగుతుందో గొప్పగా రాస్తాం. జగిత్యాల, నిజామాబాదు పల్లెల్లో దుబాయి మీద పుట్టిన పాటలు వింటే కన్నీరు పెట్టుకుంటాం, రాయచోటి నుంచీ కోనసీమ నుంచీ కువైట్‌కు ఇంటిపనికి వెళ్లిన ఆడవాళ్ల కష్టాలను ధారావాహికలుగా వేస్తాం. ఇవన్నీ చేయవలసినవే. సోలాపూరు మరాఠీవారు మన రథానికి దారి ఇచ్చినప్పుడు మురిసిపోయే మనం, మన ఊళ్లో బిహారువారు తమ ఛఠ్ పూజకు చెరువుగట్టు అడిగితే ముఖం చిట్లించడంలో న్యాయం ఏమిటో వ్యాసకర్త చెప్పాలి.

అమెరికాలోని తెలుగువారి గురించి ఒక మాట అనకుండా ఉండలేను. అక్కడి మహాసభల వేదికల మీద కూచిపూడి ఉంటుంది, అవధానం ఉంటుంది, ఇక్కడినుంచి విమానంలో వెళ్లిన సినిమావాళ్లు ఉంటారు. గ్రీన్‌కార్డు కోసం ఏళ్ల తరబడి వరుసలో నిలబడటం, వీసా నియమం వల్ల చదువుకున్న ఇల్లాలు ఇంట్లో కూర్చోవడం, పిల్లలు తాతయ్యలతో, అమ్మమ్మలతో ఫోనులో సగం తెలుగు మాట్లాడటం, వీటిని వేదిక మీద చూడటం అరుదు. అక్కడ పుట్టిన పిల్లలు రంగప్రవేశం చేసినప్పుడు వారి చేత ఇరవైయేళ్ల క్రితం తల్లిదండ్రులు విడిచివచ్చిన ఊరినే ఆడిస్తున్నాం. ఆ ఊరు ఇక్కడ కూడా ఇప్పుడు లేదు. ఆ పిల్లలే పెద్దవారై, తమ బతుకును తమ పద్ధతిలో, కొంత ఇంగ్లీషుతో కలిపి, మనకు నచ్చని రూపంలో ప్రదర్శించే రోజు వస్తుంది. అప్పుడు మనం దానిని తెలుగు అంటామా అనమా అన్నదే అసలు పరీక్ష.

ఇక్కడి ఏర్పాట్ల విషయానికి వస్తే, మన నాటక పరిషత్తుల పోటీలు, ప్రభుత్వ నాటకోత్సవాలు పద్యనాటకం, సాంఘిక నాటకం, నాటిక అన్న గళ్లలో నడుస్తాయి. గంట నాటికకు గంట కొట్టే అలవాటు మనది. ఆ గళ్ల వల్ల ఎందరో మంచి రచయితలు, నటులు తయారయ్యారన్నది కాదనలేను. ఒక ఒడియా కుటుంబం పాట, ఒక బెంగాలీ తాపీ మేస్త్రీ కథ, హైదరాబాదు విద్యార్థులు రోడ్డు మీద చేసే మాటలు లేని ప్రదర్శన ఈ గళ్లలో ఎక్కడా ఇమడవు. మరో గడి గీయమని నేను అడగడం లేదు. ఉత్సవంలో ఒక సాయంత్రాన్ని ఏ నియమమూ లేకుండా, ఏ బహుమతీ లేకుండా, ఈ రాష్ట్రంలో నివసిస్తున్నవారు ఏ భాషలోనైనా ఏ రూపంలోనైనా చేసుకొనేందుకు వదిలిపెట్టమంటున్నాను. దానికి పెద్ద వేదిక కూడా అవసరం లేదు.

అర్థం కాని భాషలో ప్రదర్శన ఎవరు చూస్తారన్న ప్రశ్న తప్పక వస్తుంది. బాగుండకపోవచ్చునన్న సందేహమూ వస్తుంది. కొన్ని బాగుండవు. పెర్ఫార్మెన్స్ ఆర్ట్ పేరుతో నేను చూసినవాటిలో కొన్ని నన్ను విసిగించాయి కూడా, చేసేవారికి తమ మీద ఉన్న ప్రేమ తప్ప మరేదీ వాటిలో నాకు కనపడలేదు. పరిషత్తు నాటికలలో నన్ను విసిగించినవి వాటికంటే చాలా ఎక్కువ. ఒక రూపంలో చెత్త ఉందన్నది ఆ రూపాన్ని ఊళ్లోకి రానివ్వకపోవడానికి కారణం కాలేదు, కాకూడదు.

ఇటుక బట్టీల విషయంలో నా సూచన మరింత చిన్నది. బట్టీలు మండేది చలికాలం, ఎండాకాలం. ఆ నెలల్లో జిల్లా సాంస్కృతిక శాఖ అధికారులు, యజమానుల అనుమతితో, కూలి కోత లేకుండా ఒక రాత్రిని కేటాయించి, ఒడియా వచ్చిన ఒక ఉపాధ్యాయుడి సాయంతో బట్టీ దగ్గరే ఆ కుటుంబాల చేత పాడించి, ఆడించి, చుట్టుపక్కల ఊరివారిని పిలవవచ్చు. కొన్నిచోట్ల కూలీల పిల్లలకు ఒడియాలో చదువు చెప్పే ఏర్పాటు ఇంతకుముందే జరిగింది కాబట్టి మనుషులు దొరకరనే సాకు నిలవదు. మీ పత్రికనూ ఒకటి కోరుతున్నాను. ఈ కూలీలు ఇప్పుడు మీ జిల్లా పుటల్లోకి వచ్చేది గోడ కూలినప్పుడు, లారీ బోల్తాపడినప్పుడు, కూలి బకాయిల గొడవ ఠాణాకు ఎక్కినప్పుడు మాత్రమే. అటువంటి రాత్రి ఎక్కడైనా జరిగితే, పాడినవారి పేర్లతో, పాటలోని నాలుగు చరణాల తెలుగు అనువాదంతో సహా, దానిని నాటక సమీక్షలు వేసే పుటలోనే వేయండి.

ఇట్లు,
నాటకాలు చూసే అలవాటున్న ఒక విశ్రాంత అధ్యాపకుడు,
శేరిలింగంపల్లి, హైదరాబాదు